మా అక్క సైలెన్సరు మార్చిన ఆదివారం

మా అక్కతో మాట్లాడేవాళ్ళు ఆమె కళ్ళలోకి చూడరు, పెదవుల వంక చూస్తారు. అక్కడ ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉంటాయి మరి. నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. ఆ సూదులు అలా పట్టుకునే వీధిలో సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పగలదు. ఇన్నేళ్ళలో ఒక్క సూది మింగిన పాపాన పోలేదు, ఒక్క రహస్యం కడుపులో దాచుకున్న పాపానా పోలేదు.

వాళ్ళింటి ముందు గదే ఆమె కొట్టు. గోడకి ఆనించి రెండు కుట్టుమిషన్లు, మధ్యలో కత్తిరించే బల్ల, దాని కింద గుడ్డ ముక్కల బుట్ట, తలుపు వెనక మేకుకి వేలాడే టేపులు. ఆరు బడుల పిల్లలకి యూనిఫారాలు ఇక్కడే తయారవుతాయి. వాటిని కట్టలు కట్టి కారులో వేసుకుని ఊరికి నాలుగు మూలలా ఉన్న బడులకి చేర్చాలి. కుట్టడం అక్క పని, చేర్చడం మా బావగారి పని. ముప్ఫై ఏళ్ళు అలాగే జరిగిపోయింది.

బావగారు అచ్చు యంత్రాల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఏ యంత్రమైనా సరే, రెండు నిమిషాలు వింటే చాలు దాని జబ్బేమిటో చెప్పేస్తానంటారు. చెబుతారు కూడా. మనం అడగకపోయినా చెబుతారు. ఆయన మీద నాకున్న ఫిర్యాదల్లా అదే. పోయినేడు ఆయన కంటి నరం దెబ్బతింది. పది అడుగుల అవతల అంతా మసక. ఇక కారు నడపకూడదన్నాడు డాక్టరు. లైసెన్సు తిరిగి ఇచ్చేసిన రోజు ఆయన ఇంటికొచ్చి, మిషన్లు రెండింటికీ నూనె వేసి, ఒక మూల కూర్చున్నారట. తర్వాతి ఆదివారం నేను వెళ్ళినప్పుడు ఆయన్ని ఆటపట్టించడానికి నాకు నోరు రాలేదు.

"కారు అమ్మేద్దాం" అన్నారు ఆయన.

అక్క పెదవుల మధ్య సూదులు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె సూదులు తీసిందంటే వ్యవహారం ముదిరిందని అర్థం.

"అమ్మేసి? గుమ్మంలో కూర్చుని, ఈ కట్టలు ఎవరైనా పట్టుకెళ్తారా అని దారినపోయేవాళ్ళ మొహాలు చూడమంటారా? అది నావల్ల కాదు. కారు నేనే నేర్చుకుంటా."

"యాభై ఎనిమిదేళ్ళకా?"

"ఏం, స్టీరింగు నా పళ్ళు లెక్కపెడుతుందా?"

అలా మొదలైంది. నాకు లైసెన్సు ఉంది గానీ, పక్క ఊళ్ళో లైబ్రరీ ఉద్యోగం. ఆదివారాలు తప్ప తీరదు. కాబట్టి ఆదివారం వచ్చి, వాళ్ళిద్దరినీ వీధి చివర గోదాముల వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి, స్టీరింగు అక్కకి అప్పగించి, వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. పక్క సీట్లో గురువుగారు బావగారు. రెండో వారమే అక్క ఒక బండరాయి మీదుగా తోలి సైలెన్సరు పొట్ట చీల్చింది. అప్పట్నుంచి ఆ కారు శబ్దానికి గోదాముల మీది పావురాలు మకాం మార్చేశాయి. వీధిలోవాళ్ళు కారుకి 'ఉరుము' అని పేరు పెట్టారు.

బావగారు మాత్రం సంబరపడిపోయారు. చూపు ఆనని మనిషికి ఆ శబ్దమే పాఠ్యపుస్తకం అయింది. "ఇదిగో, రంకె వేసిందా? రెండో గేరు వెయ్యి. మళ్ళీ రంకె వేసిందా? మూడు. గురక పెడుతోందా? దించు, దించు!" అక్క తు.చ. తప్పకుండా అలాగే నేర్చుకుంది. ఆరు నెలల్లో ఆమె చెవులతో కారు నడపడంలో ఆరితేరింది. ఇందులో ఉన్న తిరకాసు మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. చదువుకున్నదాన్ని, నాకైనా తట్టొద్దూ!

పరీక్షకి మొదటిసారి వెళ్ళినప్పుడు వెనక్కి తోలుతూ రెండు గుర్తు స్తంభాల్ని పడగొట్టింది. రెండోసారి ఎత్తు మీద ఇంజను మూడుసార్లు ఆగింది. మూడోసారి, ఆ శుక్రవారం, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇన్‌స్పెక్టరు కారే ఎక్కలేదు. చెవుల మీద ఫైలు అడ్డం పెట్టుకుని, "అమ్మా, ఈ మోతలో నేను కూర్చోను. సైలెన్సరు మార్పించుకుని సోమవారం ఎనిమిదింటికి రండి. అదే ఆఖరు. తప్పితే ఆరు నెలల దాకా మళ్ళీ రాకూడదు" అన్నాడట. బడులు తెరిచేది వచ్చే నెలలో. ఆరు నెలలంటే ఆరు బడులూ పోయినట్టే.

మెకానిక్ షెడ్డుకి ఫోను చేస్తే గురువారం దాకా ఖాళీ లేదన్నారు. "ఎవడి కాళ్ళో పట్టుకోవడం ఎందుకు? మనమే మార్చేద్దాం" అన్నారు బావగారు. శనివారం సాయంత్రం నేను బస్సు దిగేసరికి విడిభాగాల కొట్టు నుంచి తెచ్చిన కొత్త సైలెన్సరు, గొట్టాలు, బిగించే పట్టీలు, రబ్బరు రింగులు కత్తిరించే బల్ల మీద పరుచుకుని ఉన్నాయి. వాటి పక్కనే అక్క బావగారి పాత ప్యాంటు నడుము బిగించి కుడుతోంది. కారు కింద దూరడానికి కూడా కొలత సరిపోవాలి మా అక్కకి.

ఆదివారం పొద్దున్నే పెరట్లో పని మొదలైంది. చక్రాల కింద ఇటుకలు పెట్టాం. జాకీతో లేపి, కింద రెండు పక్కలా ఇనుప స్టాండ్లు పెట్టి, బావగారు కారుని అటూఇటూ ఊపి చూశారు. "జాకీని ఒక్కదాన్నే నమ్మి కింద దూరేవాడు నా దృష్టిలో మనిషే కాదు" అన్నారు. ఆ ఉపన్యాసం పదిహేను నిమిషాలు సాగింది గానీ, అందులో తప్పేమీ లేదు కాబట్టి ఊరుకున్నాను. తర్వాత చాప పరిచి ఇద్దరూ కిందికి దూరారు. కళ్ళు అక్కవి, చేతులు బావగారివి. టార్చిలైటు నాది. వ్యాఖ్యానమూ నాదే.

తుప్పు పట్టిన నట్ల మీద నూనె కొట్టి కాసేపు నానబెట్టారు. మొదటిది కిర్రుమని వచ్చింది. రెండోది బతిమాలితే వచ్చింది. మూడోది బావగారు తిట్టిన తిట్టుకి వచ్చింది. నాలుగోది మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"ఏనుగు వెళ్ళి తోక చిక్కింది" అన్నాను.

"మరదలా, లైటు పట్టుకోమన్నాను, సామెతలు పట్టుకురమ్మనలేదు."

"లైటు సరిగ్గానే పట్టుకున్నానండీ, అది మీ నట్టుకే వెలగట్లేదు."

చివరికి ఇనుప రంపం తీసుకుని దాన్ని కోసేశారు. కోత పూర్తవగానే పాత సైలెన్సరు, గొట్టాలతో సహా, దభీమని కిందపడింది. లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న తుప్పంతా ఒక్కసారిగా ఇద్దరి మీదా కురిసింది. బయటికి పాక్కుంటూ వచ్చిన వాళ్ళని చూసి నేను నవ్వీ నవ్వీ చాప మీద కూలబడ్డాను. ఇటుకల బట్టీలోంచి లేచొచ్చినట్టున్నారు ఆలుమగలు. అక్క దులుపుకోకుండా టేపు తీసి పాత గొట్టాన్నీ కొత్త గొట్టాన్నీ పక్కపక్కన పెట్టి కొలవడం మొదలుపెట్టింది.

"ఫ్యాక్టరీలో కొలవకుండా చేస్తారా?" అన్నారు బావగారు.

"రెడీమేడ్‌ని నమ్మి ఒంటికి సరిపోయే చొక్కా తొడిగినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి."

కొలతలు సరిపోయాయి. ఆమెకి కొంచెం నిరాశగా ఉన్నట్టే అనిపించింది నాకు.

బిగించే దగ్గర అసలు గొడవ వచ్చింది. బావగారు ముందు గొట్టం పెట్టి గట్టిగా బిగించారు. మధ్యది పెట్టి గట్టిగా బిగించారు. సైలెన్సరు పెట్టి ఇంకా గట్టిగా బిగించారు. లేచి చూస్తే వెనక గొట్టం వంకరగా తిరిగి బంపరుకి కొట్టుకుంటోంది. "కొట్టువాడు తప్పు సరుకిచ్చాడు!" అని ఆయన చిందులు తొక్కారు. ఆడలేక మద్దెల ఓడు అనాలని నాకు నాలిక చివరిదాకా వచ్చింది. అనేశాను కూడా.

అక్క ఒక్క నిమిషం కారు కిందికి వంగి చూసి, "మొత్తం వదులు చెయ్యండి" అంది.

"మొత్తమా?"

"కాలరు గట్టిగా కుట్టేసి తర్వాత భుజం అతుకుతారా ఎవరైనా? ముందు వదులుగా టాకాలు వేసుకోవాలి. అన్నీ వదులుగా తగిలించండి. ఎక్కడ లాగుతోందో, ఎక్కడ ముడత పడుతోందో చూసి, అప్పుడు ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కటే బిగించాలి."

బావగారు నా వంక చూశారు. నేను ఆకాశం వంక చూశాను. అన్నీ విప్పారు. రబ్బరు రింగులకి సబ్బునీళ్ళు రాసి అక్కే బొటనవేలితో నొక్కి కొక్కేలకి ఎక్కించింది. గొట్టాన్ని ఇటు కాస్త, అటు కాస్త జరిపింది. దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూసింది. "ఇప్పుడు కుట్టెయ్యండి" అంది. ఆయన మారుమాట్లాడకుండా బిగించారు. వెనక గొట్టం బంపరు కింద బుద్ధిగా, తిన్నగా నిలిచింది. యంత్రాల విషయంలో బావగారు ఓడిపోవడం నా జీవితంలో అదే మొదటిసారి చూడటం. ఆ ఆనందం నాకు వారం రోజులు సరిపోయింది.

కారు దించి, ఇంజను ఆన్ చేశాం. రెండు నిమిషాలకి కింద నుంచి తెల్లగా పొగ లేచింది. కొత్త గొట్టాల మీద పూసిన నూనె కాలితే అలాగే వస్తుందట, మాకు తెలుసు. పక్కింటి మాస్టారికి తెలియదు. ఆయన దేనికైనా 'అమ్మో' అంటారు కాబట్టి వీధి మొత్తానికీ అమ్మో మాస్టారు. ఈసారి "అమ్మో!" అనడంతో ఆగకుండా బకెట్టు నిండా నీళ్ళతో గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చి విసిరారు. కారు మీద ఒక్క చుక్క పడలేదు. బావగారు మాత్రం తల నుంచి కాళ్ళ దాకా తడిసి, తుప్పంతా కారిపోయి, మళ్ళీ మనిషి రంగుకి వచ్చారు.

పొగ తగ్గాక ఆయన తడి బట్టలతోనే గొట్టాల పక్కన కూర్చుని, ప్రతి అతుకు దగ్గరా చెవి పెట్టి విన్నారు. ఎక్కడా బుస లేదు. ఆరు నెలల తర్వాత మొదటిసారిగా ఇంజను నడుస్తుండగా మాకు ఒకరి మాటలు ఒకరికి వినపడ్డాయి. అక్క నా రెండు చేతులూ పట్టుకుని పెరట్లో గిరగిరా తిప్పింది. ఇద్దరికీ కలిపి నూట పది దాటిన ఆడవాళ్ళం, పిల్లల్లా తిరిగి తిరిగి కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాం.

సాయంత్రం ఆ సంబరంతోనే గోదాముల వెనక్కి వెళ్ళాం. అక్క కూర్చుంది, తాళం తిప్పింది, ఎదురుచూసింది. ఏమీ వినపడలేదని మళ్ళీ తిప్పింది. నడుస్తున్న ఇంజను కీచుమని అరిచింది. ఉలిక్కిపడి కాలు తీసేసింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ మొదలు. మొదటి గేరులోనే స్థలం ఆ చివరిదాకా పోయింది, రంకె వినపడితే గేరు మారుద్దామని. అది రంకె వేసే రోజులు పోయాయి కదా. వచ్చేటప్పుడు మూడో గేరులో కదలబోయింది. ఇరవై నిమిషాల్లో పద్నాలుగుసార్లు ఆగింది.

అప్పుడు తెలిసొచ్చింది మాకు, మేమేం చేశామో. ఆమెకి డ్రైవింగు నేర్పింది పగిలిన సైలెన్సరు. దాన్ని మేమే, చేతులారా, చెమటోడ్చి, పీకి పారేశాం.

అక్క స్టీరింగు మీద తల పెట్టుకుంది. "ఇక అమ్మేద్దామండీ" అంది. ఆ మాట ఆమె నోటి వెంట వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

బావగారు కారు దిగారు. డిక్కీ తెరిచారు. వెతికి ఇనుప రంపం తీశారు.

"ఏం చేస్తున్నారు?"

"చిన్న చిల్లి. రూపాయి బిళ్ళంత. పరీక్ష అయ్యాక మూసేద్దాం."

"చిల్లి పడితే ఇన్‌స్పెక్టరు మళ్ళీ ఎక్కడు" అన్నాను.

ఆయన రంపాన్ని డిక్కీలో పడేసి వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. "కదులు" అన్నారు. అరచేతిని డ్యాష్‌బోర్డు మీద ఆన్చి పెట్టి, కళ్ళు మూసుకుని, నోటితో మొదలుపెట్టారు. "డుర్ర్ర్ర్... డుర్ర్ర్ర్ర్ర్... ఆఁ ఇప్పుడు!" అక్క గేరు మార్చింది. "డుర్ర్ర్... గుర్... గుర్... దించు!" దించింది. ఇంజను పలకని శబ్దాలన్నీ ఆయనే పలికారు, ఉమ్మి తుంపర్లతో సహా. నేను వెనక సీట్లో నవ్వు ఆపుకోలేక చీర కొంగూ కాదు, చేతి రుమాలూ కాదు, సీటు కవరే నోట్లో కుక్కుకున్నాను. కాసేపటికి అక్క కూడా గొంతు కలిపింది. చీకటి పడే వేళకి ఆలుమగలిద్దరూ రెండు ఉరుముల్లా ఉరుముతూ ఆ స్థలం చుట్టూ తిరుగుతున్నారు. ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. ఎవరైనా చూస్తే పిచ్చాసుపత్రికి ఫోను చేసేవాళ్ళే.

కానీ పరీక్షలో పక్కన ఉండేది ఇన్‌స్పెక్టరు. బావగారు కాదు.

సోమవారం నేను సెలవు పెట్టాను. ఎనిమిదింటికి బావగారూ నేనూ పరీక్షా మైదానం కంచె ఇవతల నిలబడ్డాం. ఆయన ఇనుప వలకి చెవి ఆనించారు.

"మొదలైందా?"

"అయింది."

"నాకేం వినపడట్లేదే!"

"వినపడకూడదనేగా నిన్నంతా చచ్చాం. రెండో గేరు వేసినట్టుంది. బాగానే పోతోంది. మలుపు తిరిగింది. ఇప్పుడు ఎత్తు మీద ఆగింది."

"ఆగిందా, ఆపిందా?"

కారు జానెడు వెనక్కి జారింది. నా గుండె జానెడు కిందికి జారింది.

"మరదలా, మాట్లాడవేం?"

"దగ్గొచ్చింది" అన్నాను. కారు ముందుకి కదిలి ఎత్తు ఎక్కేసింది. "ఎక్కేసింది బావగారూ, ఎక్కేసింది!" అని ఆయన భుజం మీద కొట్టాను. గట్టిగానే తగిలినట్టుంది. వెనక్కి తోలడంలో ఒక్క స్తంభం పడలేదు. ఆయన ప్రతిదానికీ "నిజమేనా?" అన్నారు, నేను ప్రతిసారీ ఒట్టు వేశాను.

ఇన్‌స్పెక్టరు అవతలి గట్టున దిగి, ఫైలు చంకలో పెట్టుకుని మా వైపు వచ్చాడు. మొహంలో ఏమీ లేదు.

"ఆవిడ మీ ఆవిడేనా?"

"అవునండీ" అన్నారు బావగారు.

"కారు బాగుంది. అస్సలు మోత లేదు. మోతంతా ఆవిడే చేశారు." అతను ఫైలు తెరిచి చూసుకున్నాడు. "నాకు ఇరవై రెండేళ్ళ సర్వీసు. డ్రైవరు నోటితో ఇంజను శబ్దం చెయ్యకూడదని ఈ రూల్సులో ఎక్కడా లేదు. వెతికాను." అని, ఇక ఆపుకోలేక, ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను గెంతులేశాను. ఎవరు చూశారో నాకు అనవసరం.

అంతలో అక్క గేటులోంచి కారు తిప్పుకొచ్చి సరిగ్గా మా ముందు ఆపింది. ఇంజను తిరుగుతూనే ఉంది. చెయ్యి చాస్తే తగిలేంత దూరం. బావగారు ఇంకా మైదానం వైపే మొహం పెట్టి, "వస్తోందా? ఎక్కడిదాకా వచ్చింది?" అని అడుగుతున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆ కారు దగ్గినా తుమ్మినా కనిపెట్టిన మనిషి, అది పక్కన వచ్చి నిలబడితే తెలుసుకోలేకపోయారు. నా గెంతులన్నీ ఆగిపోయాయి.

"ఎక్కండి" అంది అక్క కిటికీలోంచి.

ఆయన ఉలిక్కిపడి తిరిగారు. తడుముకుంటూ తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నారు. నేను వెనక సీట్లో ఎక్కాను. అక్క ఒక కాగితం ఆయన చేతిలో పెట్టింది. కార్డు వచ్చేదాకా అదే లైసెన్సు. ఆయన దాన్ని ముక్కుకి ఆనించుకుని చూసి, అటు తిప్పి, ఇటు తిప్పి, "మరదలా, చదవవే" అని వెనక్కి అందించారు.

చదివాను. పేరు, వయసు, పుట్టుమచ్చలు, ముద్ర, పాస్. "ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి చదివాను. ఈసారి పుట్టుమచ్చలు దాటాక మిగతాది ముక్కుతో చదివాను.

"ఎక్కడికెళ్దాం?" అని అడిగింది అక్క.

ఆ మాట ఏడాదిగా ఆయన్ని ఎవరూ అడగలేదు. కంటి డాక్టరు దగ్గరికీ, గోదాముల వెనక్కీ తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు మరి. ఆయన సీట్లో సర్దుకుని కూర్చుని, "తిన్నగా పోనీ" అన్నారు.

తిన్నగానే పోనిచ్చింది. కిటికీలు దించింది. ఆమె పెదవుల మధ్య సూదులు లేవు, శబ్దం కూడా లేదు. గేర్లు వాటంతటవే మారుతున్నాయి. బావగారు అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద పెట్టబోయి, ఒళ్ళో పెట్టుకున్నారు.

"మన ఇంటి మలుపు వచ్చిందా?" అని అడిగారు కొంతసేపటికి.

"ఎప్పుడో దాటేశాం" అంది అక్క.

బావగారు పెద్దగా నవ్వారు. "అయితే మూడో గేరులో ఉన్నావు కదూ?"

"నాలుగు" అంది మా అక్క.